లొడలొడలాడే తలుపు

తలుపు పలక లొడలొడలాడల్ల, ఆడితేనే సరి. ఈ మాట నేను ముప్పై ఏండ్లుగా చెప్తాండా. వినేవాళ్ళు వింటారు, విననోళ్ళు ఇంటీరియర్ వాళ్ళను పిలుచుకుంటారు. చింతామణిలో చేళూరు రోడ్డున నా అంగడి ఉండాది. నా పేరు ఆంజనేయప్ప. పుట్టుకతో వడ్రంగం మాది కాదు. బాగేపల్లి పక్క సేద్యం చేసుకునే ఇల్లు మాది. బోరు ఎండిపోతే ఒక ఆచారి దగ్గర చేరి ఉలి పట్టుకున్నా. అందుకే ఎవురన్నా నా పనికి వంక పెడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది. తాతల కాలం నుంచి చేసేవాళ్ళకు ఇంత మంట ఉండదు. వాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

ఈ లొడలొడ సంగతి ముందే చెప్పేస్తా. బీరువా తలుపును ఒకే చెక్కతో చేయరు. నాలుగు పట్టీలు కలిపి చట్రం చేస్తారు. చట్రం లోపలి అంచున గాడి తీస్తారు. ఆ గాడిలోకి నడిమి పలకను దూర్చి, ఊరికే వదిలేస్తారు. మేకు కొట్టరు, గమ్ము పెట్టరు. చెట్టు కొట్టేసి ఎన్నేండ్లయినా చెక్క ఒక చోట కుదురుగా ఉండదు. వానకాలం ఉబ్బుతాది, ఎండకాలం ముడుచుకుంటాది. గాడిలో జాగా ఉంటే అటూ ఇటూ జరిగి బతికిపోతాది. అంచులు పట్టి కట్టేస్తే నడిమికి పగుల్తాది. దీనికి కాలేజీ చదువు అక్కరలేదు. మా ఆచారి నాకు మొదటి వారమే చెప్పినాడు, చెప్పి నెత్తిన ఒకటి మొట్టినాడు కూడా, మర్చిపోకూడదని.

పోయిన ఏడు ఆషాఢంలో మునిరత్నమ్మ నా అంగడికి వచ్చింది. శిడ్లఘట్ట పక్క పల్లె, పట్టుపురుగులు మేపే ఇల్లు. ట్రాక్టరులో రెండు పనస పలకలు వేసుకోని, వాటి మీద దుప్పటి కప్పుకోని వచ్చింది. దుప్పటి తీసి, అంచు మీద బొటనవేలు పెట్టి పొడవునా జరిపి చూసినా. మూర వెడల్పు, మూడు మూరల పొడవు, ఒకే మానువి రెండూ. యాడా ముడి లేదు, వంకర లేదు. ఇట్లాంటి చెక్కను ఈ కాలంలో కల్లో కూడా చూడలేం.

ఆయమ్మ మొగుడు మునినారాయణ. దావ వెడల్పు చేసేటప్పుడు వాళ్ళ చేనిగట్టు మీది పనసమాను కొట్టేయాల్సి వచ్చిందంట. ఆయప్ప దాన్ని కోయించి, ఈ రెండు పలకలు మాత్రం అటక మీద పెట్టుకున్నాడు, పెండ్లానికి బీరువా చేయించల్లని. పదకొండేండ్లు పెట్టుకున్నాడు. ప్రతి ఉగాదికీ దించి, తుడిచి, తిరగేసి మళ్ళీ పెట్టేవాడంట. బీరువా మాత్రం చేయించలేదు. రెండేండ్ల కింద మల్బరీ తోటలో ఆకు కోస్తా కోస్తా కూలబడి, మళ్ళీ లేవలేదు.

ఒక పలక మీద బొగ్గుతో రాసిండాడు. మా పక్క ఇండ్లల్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో నేర్చేది కన్నడ. అందుకని అక్షరాలు కన్నడవి, మాట తెలుగుది. "ఇది రత్న బీరువాకు. ఎవురూ ముట్టద్దండి." కింద చేవ్రాలు కూడా పెట్టినాడు, పంచాయతీ నోటీసు మాదిరి.

మునిరత్నమ్మ రెండే మాటలు అడిగింది. ఆ రాత ఉండే పక్క చిత్రిక పట్టొద్దు, అది బీరువా లోపలికి రావల్ల. ఇంకోటి, రంగు గానీ పాలిష్ గానీ పూయొద్దు, ఆ వాసనకు పురుగులు చస్తాయి. అన్నిటికీ సరే అన్నా. పోతా పోతా మళ్ళీ వెనక్కి వచ్చింది.

"చెడిపోతే ఇంకో పలక లేదప్పా," అనింది.

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయి చేసింటే ఇంత బాధ ఉండేది కాదు.

కొలతలకు వాళ్ళ ఇంటికి పోయినా. ఇప్పుడందరూ పురుగులకు వేరే ఇల్లు కట్టుకుంటాండారు. ఈయమ్మది పాత పద్ధతే. పెద్ద పడసాలలో పురుగులు ఉంటాయి, చిన్న గదుల్లో మనుషులు ఇరుక్కుంటారు. బీరువా పెట్టల్లంటే పడసాల గోడ తప్ప వేరే జాగా లేదు. మునినారాయణ ఆ గోడ మీద గీత కూడా గీసి పెట్టిండాడు.

కొలుచుకోని బయటికొచ్చి అరుగు మీది బెంచీ మీద కూర్చుంటే అది లొడలొడ అనింది. ఆయమ్మ లోపల్నుంచే చెప్పింది, దానికి ఒక కాలు సడలిండాదని, తన మొగుడు కూర్చున్నంతసేపూ కాలాడించి ఆడించి దాన్ని ఆ గతి చేసినాడని, కాలాడించొద్దు అని ఇరవై ఆరేండ్లు చెప్పినా వినలేదని. నా చేతులు ఊరికే ఉండవు గదా. కాఫీ వచ్చేలోపల ఒక చెక్కముక్క చెక్కి, ఆ కాలికి కొట్టి బిగించేసినా. బెంచీ గుండు మాదిరి నిల్చింది. ఆయమ్మ కాఫీ తెచ్చి బెంచీని చూసింది, నన్ను చూసింది. మెచ్చుకుందేమో అనుకున్నా.

నెల దినాలు చేసినా ఆ తలుపులు. చట్రాలకు టేకు. మూలల కాడ కాగితం కూడా దూరదు. గాడి తీసి, పలక అంచులు సన్నగా చేసి, చుట్టూ గోరంత జాగా వదిలి దూర్చినా. తలుపు ఎత్తి ఆడిస్తే లొడలొడ అనింది. మా ఇంటామె శశికళ విని, ఇదేమి గిలక్కాయనా అనింది. ఆమెకు ముప్పై ఏండ్లుగా చెప్తానే ఉండా.

శ్రావణంలో వరమహాలక్ష్మి పండగ దినం బీరువా దించినాం. అప్పుడు ఇంట్లో పురుగులు లేవు, ఒక పంట అయిపోయి ఇంకో పంట రాని దినాలు. ఇంటినిండా చుట్టాలు. ఆడవాళ్ళందరూ వచ్చి తలుపులు నిమిరి చూసినారు. ఒక ముసలామె తలుపు తెరిచి, లోపలి రాత కూడబలుక్కోని చదివి, ముక్కు చీదుకుంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడొచ్చినాడు లోకేశ్. మునిరత్నమ్మ తమ్ముడు. చిక్కబళ్ళాపురంలో ఇంటీరియర్ పనులు చేస్తాడు. ఫ్యాక్టరీ బోర్డు తెస్తాడు, కోస్తాడు, అంటిస్తాడు, పోతాడు. చెడ్డ పిల్లోడని నేను అనను. తలుపు దగ్గరికి వచ్చి వేలు మడిచి పలక మీద కొట్టినాడు. లొడలొడ అనింది. మళ్ళీ కొట్టినాడు. మళ్ళీ అనింది. అందరూ మాటలాపి చూసినారు.

"అన్నా, దీని పని ఇంకా కాలేదా?" అని అడిగినాడు.

అయిపోయిందని చెప్పినా. మరి సడలిండాదే అన్నాడు. సడలలేదు, అట్లే ఉండల్ల అన్నా. ఉబ్బేది, ముడుచుకునేది, గాడి, జాగా, అన్నీ వరసగా చెప్పుకొచ్చినా. లోకేశ్ మర్యాదగా తలూపినాడు. తలూపి, తన బోర్డు తలుపులు ఎంత కొట్టినా చప్పుడు రాదని పక్కాయనతో మెల్లగా అన్నాడు. ఆ పక్కాయన నవ్వినాడు. వెనక ఎవురో, ఆచారుల పిల్లోడైతే ఇట్ల చేసుండడు అన్నారు. ఎవురన్నారో ఇప్పటికీ తెలీదు. తెలిస్తే మంచిది కాదు.

మునిరత్నమ్మ నా పక్కకొచ్చింది.

"అట్లే ఉండల్లనా అప్పా?" అని అడిగింది.

ఔనమ్మా అంటే అయిపోయేది. ఒక్క మాట. ఆయమ్మ నమ్మేది కూడా. నేనేమన్నానంటే, ఒక అర్ధగంట ఉండమ్మా, సరి చేస్తా.

తలుపులు రెండూ ఊడదీసి అరుగు మీదికి తెచ్చినా. ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గర ఒక సిరింజి అడిగి తెచ్చుకున్నా. గాడి చుట్టూరా గమ్ము ఎక్కించినా, ఆవుకు సూది వేసినట్ల. పైన సన్నటి చెక్కపేళ్ళు కొట్టి బిగించినా. అది శ్రావణం. పలక తేమ తాగి పూర్తిగా ఉబ్బిన కాలం. దాన్ని కట్టేయడానికి ఏడాదిలో అంతకన్నా చెడ్డ దినం లేదు. ఇదంతా తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉండాడు, వాడే సిరింజి పట్టుకోనుండాడు.

తలుపులు మళ్ళీ బిగించినాక లోకేశ్ కొట్టి చూసినాడు. చప్పుడు లేదు. ఇప్పుడు సరిపోయిందన్నా అని నా భుజం తట్టినాడు. నాకు పాయసం రెండోసారి వేసినారు. తిన్నా.

దాని తర్వాత దినాలు బాగానే పోయినాయి. పురుగుల ఇంట్లో ఎప్పుడూ తేమే. కిటికీలకు తడి గోనెపట్టలు కట్టి ఉంటారు. బయట కూడా వానలు, మంచు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకుంటా ఉంటి. కార్తీకం పోయింది, పుష్యం పోయింది. మాఘమాసంలో ఒక దినం అంగడిలో కూర్చోనుంటే పైన పెట్టిన వేపచెక్క టప్ మని పగిలింది. బయటికొచ్చి చూస్తే గాలి మారిండాది. ఆరిన గాలి, పెదాలు పగిలే గాలి. అంగడి మూసి శిడ్లఘట్ట బస్సెక్కినా.

మునిరత్నమ్మ గడప కాడే నిలబెట్టేసింది. లోపల పురుగులుండాయి, మూడో జ్వరంలో ఉండాయి. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, పడుకోని, పొర విడుస్తాది. దాన్ని జ్వరం అంటారు. ఆ దినాల్లో బయటి మనిషిని లోపలికి రానీయరు. రోగం తెస్తారని ఒక భయం, దిష్టి తగుల్తాదని ఇంకో భయం. గడపకు సున్నం పొడి చల్లిండాది. ఇంటి మనుషులు కూడా కాళ్ళు కడుక్కోనే లోపలికి పోతారు. నేను స్పిరిట్ పాలిష్ వాసనతో పోయిండా. ఆయమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని, ఏం పని అని అడిగింది. తలుపు బందులు చూడల్ల, స్క్రూలు సడలింటాయి అన్నా. ఏమీ సడలలేదు, భేషుగ్గా ఉండాయి, నువ్వు పోయి రా అనింది.

నాలుగు దినాలకు మళ్ళీ పోయినా. ఈసారి తలంటు స్నానం చేసి, కొత్త పంచె కట్టుకోని, అంగడి పక్క కూడా తొక్కకుండా పోయినా. శశికళ ఎవురి పెండ్లి అని అడిగింది. మునిరత్నమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, వాసన లేదు గానీ మనిషివి బయటి మనిషివే అనింది. నాలుగో జ్వరం నడుస్తాండాది. ఎనిమిది దినాలు తాళుకో, పురుగులు ఎక్కినాక రా అని చెప్పింది. నా భయమంతా అదే. జ్వరం తీరినాక పురుగులు వారం దినాలు మేసి, గూడు కట్టేదానికి వెదురుతో అల్లిన చంద్రికల మీదికి ఎక్కుతాయి. ఎక్కినాక ఇంట్లో తేమ ఉండకూడదు. గోనెపట్టలు పీకేసి, కిటికీలన్నీ బార్లా తెరుస్తారు. అప్పుడు ఆ మాఘం గాలంతా పడసాలలోకే వస్తాది.

వాకిట్లో నిల్చుకోని అప్పుడే చెప్పేయాల్సింది. ఏం చెప్పల్ల? ముప్పై ఏండ్లు ఊరందరికీ చెప్పిన మాటను, ఒకడు నవ్వినాడని నేనే తప్పినానని చెప్పల్ల. బస్సు టైమయింది అని చెప్పి వచ్చేసినా. ఆ ఎనిమిది దినాలు నేను ఒక్క చెక్క కూడా సరిగ్గా కోయలేదు. సిగ్గు అనేది ఇంత బరువుంటాదని నాకు తెలీదు. అన్నం కూడా సయించలేదు.

ఏడో దినమే పోయినా. వాళ్ళ సందులోకి తిరగతానే కనబడింది. అరుగు మీద గోనెపట్టలు ఆరేసిండారు. కిటికీలు తెరిచిండాయి. మునిరత్నమ్మ గడప కాడికొచ్చి, ఇంకా సగం పురుగులు ఎక్కలేదు, రేపు రమ్మంటే ఈ పొద్దే వచ్చినావే అనింది. నేను చెప్పులు విడిచి, గడపకు ఇవతల నిల్చున్నా.

"అమ్మా, ఆ పలక లొడలొడలాడేదే సరి. మీ తమ్ముడు నవ్వినాడని నేను గమ్ము పోసి కట్టేసినా. ఇప్పుడు గాలి తగిలితే పగుల్తాది."

లోపల పురుగులు ఆకు మేసే చప్పుడు సన్నటి వాన మాదిరి వినిపిస్తాండాది.

"తెలీక పోసినావా, తెలిసే పోసినావా?"

"తెలిసే పోసినా."

తిడ్తాదనుకున్నా. తిట్టింటే బాగుండు. ఆయమ్మ కొంగు నడుముకు దోపుకోని, "స్క్రూలు యే పక్క తిప్పల్ల?" అని అడిగింది.

లోపలికి పోయేదానికి నాకు వీలు లేదు. ఆయమ్మకు స్క్రూడ్రైవరు పట్టుకునేది తెలీదు. నేను కిటికీ బయట నిల్చుకోని చెప్తాండా, ఆయమ్మ లోపల తిప్పుతాండాది. ఎడమ పక్కకమ్మా. అది ఎడమ కాదు. కింది బంద్ మొదలు, పైది ఆఖరు. తలుపు కింద ఇటుక పెట్టమ్మా. ఆయమ్మ ఒక్క మాట ఎదురు చెప్పకుండా చేసింది. కుడి తలుపు ఊడింది, మోసుకోనొచ్చి గడప ఇవతల నా చేతికిచ్చింది. పలక పగలకుండా నిండుగా ఉండాది. రెండోది తెచ్చింది. అది రాత ఉండే పలక. కింది నుంచి జానెడు పగులు పైకి వచ్చిండాది. వెనక్కి తిప్పి చూస్తే ఆ పగులు ఆయప్ప చేవ్రాలుకు రెండు వేళ్ళ కింద నిల్చిండాది.

ఆయమ్మ ఆ పగులు మీద వేలు పెట్టి చూసింది. నిన్న మధ్యాన్నం ఆకు వేసేటప్పుడు టప్ మనిందంట. చంద్రిక విరిగిందేమో అనుకోని వెతికిందంట.

ఇంక నేను మాటలు పెట్టుకోలేదు. సంచిలోంచి రంపం తీసినా. నెల దినాలు చేసిన చట్రాలు, మూలల కాడ కాగితం దూరని చట్రాలు, అరుగు మీద పెట్టి కోసేసినా. పట్టీలను ఉలితో నిలువునా చీల్చి, పలక అంచుల్నుంచి ఒలిచి తీసినా. అంత గట్టిగా అతుక్కున్న గమ్మును నా జన్మలో చూడలేదు. మంచి గమ్మే పోసిండా. రెండో పలక విడిపించేసరికి మధ్యాన్నం దాటింది. మునిరత్నమ్మ మళ్ళీ స్నానం చేసి, కాళ్ళు కడుక్కోని, పురుగుల దగ్గరికి పోయింది. నేను పలకలు రెండూ ఆయమ్మ ఇచ్చిన అదే దుప్పటిలో చుట్టుకున్నా. ఊరికి పోయే టెంపో ఆయనను బతిమాలి, మెల్లగా తోలమని మూడుసార్లు చెప్పి తెచ్చుకున్నా.

మళ్ళీ చట్రాలు చేసినా. పగులు పెరక్కుండా వెనక పక్క ఒక చిన్న చెక్కముక్క అడ్డంగా పొదిగినా, రాతకు తగలకుండా. గాడిలో ముందుకన్నా కొంచెం ఎక్కువే జాగా వదిలినా. భయం పట్టుకున్న చెయ్యి గదా. తలుపు ముందుకన్నా గట్టిగా లొడలొడలాడింది. పురుగులు గూళ్ళయి, గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయి, ఇల్లంతా కడిగినాక పోయి బిగించొచ్చినా. మునిరత్నమ్మ తలుపు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది. నా పక్క తిరగకుండానే వంటింట్లోకి పోయింది. కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేసినా. నా మీద ఆయమ్మకు నమ్మకం పోయిందనే అనుకున్నా, పోవడం న్యాయమే.

ఉగాదికి కబురు పంపింది, భోజనానికి రమ్మని. పోదామా వద్దా అని రెండు దినాలు ఆలోచించి పోయినా. లోకేశ్ కూడా వచ్చిండాడు. నన్ను చూసి పలకరించినాడు, బాగుండావా అన్నా అని. అందరం పడసాలలో కూర్చున్నాం. పైన ఫ్యాను తిరుగుతాంటే, ఆ గాలికి తలుపు పలక ఉండీ ఉండీ లొడలొడ అంటాండాది. నేను విస్తరి వైపే చూస్తాండా. లోకేశ్ లేచి తలుపు కాడికి పోయినాడు. వేలు మడిచి కొట్టినాడు.

"అక్కా, ఇది మళ్ళీ సడలిపోయిండాది గదా. మా పిల్లోళ్ళను పంపిస్తా, పది నిమిషాల్లో బిగించేస్తారు," అన్నాడు.

ఈసారి చెప్పల్ల అని నేను నోరు తెరిచినా. మునిరత్నమ్మ నా విస్తరిలో ఒబ్బట్టు వేస్తా, తల ఎత్తకుండా నాకన్నా ముందే మాట్లాడింది.

"కాలాడించొద్దు అని మీ బావకు ఇరవై ఆరేండ్లు చెప్పినా. ఇంక చెప్పనులే. ఆడించుకోనీ."

లోకేశ్ మడిచిన వేలు విప్పుకోని వచ్చి కూర్చున్నాడు. ఎవురూ నవ్వలేదు. ఆయమ్మ నా ఒబ్బట్టు మీద నెయ్యి పోసి, పక్క విస్తరికి పోయింది.

భోజనం అయినాక చేతులు కడుక్కోని బయటికొచ్చినా. అరుగు మీద ఆ బెంచీ ఉండాది, గుండు మాదిరి నిల్చుకోని. నేను కింద కూర్చోని, పోయిన ఆషాఢంలో దాని కాలికి కొట్టిన చెక్కముక్కను సంచిలో ఎప్పుడూ ఉండే ఉలితో పీకి, జేబులో వేసుకున్నా. చేత్తో కదిపితే బెంచీ మళ్ళీ లొడలొడ అనింది.